అచ్చుకూర్పు - పాఠనిర్ణయము

పాఠనిర్ణయమును గూర్చి మన పరిశోధకులు చేసిన చర్చలలో తాళపత్రప్రతులకును వాని లేఖకులకును లభించిన శ్రద్ధ అచ్చు కూర్చినవానికి లభింపలేదు. వ్రాతప్రతిలో తప్పు కనబడినప్పుడు లేఖకుని కన్ను, చెవి, చేయి, ప్రాంతము, విద్య మున్నగునవి అన్నియు విచారింతుము. అచ్చుప్రతి చేతికి వచ్చినతోడనే ఆ విచారణ ఆగిపోవును. అందున్నది కవి వ్రాసినదనియో, పరిష్కర్త నిర్ణయించినదనియో తలతుము. వారికిని మనకును నడుమ నిలిచి, ఒక్కొక్క అక్షరమును వ్రేళ్లతో ఎత్తి పేర్చిన కంపోజిటరు మన దృష్టికి రాడు. ఈ ఉపేక్ష పద్యకృతుల విషయమున కొంతవరకు సహింపదగినది. గద్యకృతుల విషయమున, అందును వాడుకభాషలో వెలువడిన గద్యముల విషయమున, ఇది ప్రమాదకరము. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము. ముఖ్యోదాహరణములను ఎలమంచిలి సీమనుండి గ్రహించుచున్నాను. ఆ ఊరి పేరును, ఆ సీమలో పుట్టిన రచయిత యొకని నాటకమును ఈ వాదమునకు చాలినంత సాక్ష్యము నిచ్చుచున్నవి.

ముందుగా ఆ పని స్వరూపమును తెలిసికొనవలయును. సీసము, తగరము, ఆంటిమొని కలిపిన లోహముతో పోసిన అక్షరములు అరలుగల కేసులో ఉండును. కంపోజిటరు ఎడమచేత స్టిక్కు పట్టుకొని, కుడిచేత అరలనుండి అక్షరములను ఏరి పంక్తిగా కూర్చును. స్టిక్కులోని అక్షరము అద్దములోని ప్రతిబింబమువలె ఉండును. దానిని తలక్రిందుగా చదువుట అతనికి అలవాటు. పంక్తి నిండకున్న మాటల నడుమ ఎడములను పెంచును, మిగిలిపోయిన తగ్గించును. పంక్తులు గేలీకి చేరును, ప్రూఫు తీయుదురు, దిద్దుదురు, ఫారము ముద్రితమగును. పిదప ఆ అక్షరములనే విడదీసి మరల ఏ అరవి ఆ అరలో వేయుదురు. రోమను లిపికి పెద్దవి చిన్నవి కలిపి 52 అక్షరములు చాలును. తెలుగునకు 35 హల్లులనే లెక్కించి, ఒక్కొకదానికి పండ్రెండేసి గుణింతరూపములు వేసినను 420 రూపములగును. అచ్చులు, వత్తులు, పొల్లులు, అంకెలు, విరామచిహ్నములు వీనికి అదనము. అక్షరములు పోయువారు కొన్ని గుర్తులను విడిముక్కలుగా పోసి ఈ సంఖ్యను తగ్గింపజూచిరి. కాని విడిముక్క పెరిగినకొలది అది జారుటకును, విరుగుటకును అవకాశము పెరిగినది. కావున తెలుగు కేసు ఆదినుండియు ఒక రాజీ. ఏ రూపమునకు అర ఈయవలెను, ఏ రూపమును విడువవలెను అను నిర్ణయము వ్యాకర్త సభలో గాక పోతశాలలో జరిగినది.

ఆ రాజీకి చరిత్ర కలదు. బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములను జర్మనీ దేశమునందలి హాలె నగరమున 1746, 1747 సంవత్సరములలో అచ్చువేయించెను. శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, చెన్నపట్టణమున క్యాంబెల్ వ్యాకరణము 1816లోను వెలువడినవి. సి. పి. బ్రౌను 1829లో వేమన పద్యములను ప్రకటించెను; 1852లో నిఘంటుముద్రణమునకు పూనుకొనినప్పుడు దంత్య చ, జలను తాలవ్యములనుండి వేరుచేయుటకు ౘ, ౙ అను గుర్తులను వాడెను. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు చెన్నపట్టణమున ముద్రాలయమును నెలకొల్పిరి. ఈ ముద్రాలయముల కేసులు ఒక్కటి కావు. ఒకచోట గల గుర్తు మరియొకచోట లేదు. ఒకరు అవసరమనుకొన్నది మరియొకరికి భారము.

దీని ఫలితమును మూడు గుర్తులయందు చూడవచ్చును. మొదటిది వలపలగిలక. పూర్వపు అచ్చుపుస్తకములలో 'ధర్మము' అనుదానిని 'ధమ౯ము' అని కూర్చుట పరిపాటి. ఆ గుర్తు తొమ్మిది అంకెను పోలియుండుటచే అంకె అరనుండియే తీసి వాడుటకును వీలైనది. క్రమముగా ర-పొల్లు క్రింద వత్తు నుంచు పద్ధతి నిలిచి, వలపలగిలక తొలగినది. రెండవది నకారపొల్లు. ఒకప్పుడు దీనికి ౝ అను ప్రత్యేకరూపముండెను. తరువాత 'న్' ఆ స్థానమును ఆక్రమించినది. మూడవది అరసున్న. శాసనములలో దీనికి వేరు చిహ్నము కానరాదు. చాల వ్రాతప్రతులలోను లేదు. ఈ చిహ్నము స్థిరపడి వ్యాప్తి చెందినది ప్రధానముగా అచ్చునందే. కావున మొదటి రెండింటిని అచ్చు క్రమముగా విడిచినది; మూడవదానిని అచ్చు పెంచినది. ఈ మూడింటిలో ఏ మార్పునకును ఆయా గ్రంథముల కవులు కర్తలు కారు. అయినను ముద్రితప్రతిని చూచి ఫలానికవి వర్ణక్రమ మిట్టిదని సిద్ధాంతము చేయుట నేటికిని పరిశోధనవ్యాసములలో కానవచ్చుచునే యున్నది.

ఇక తప్పుల స్వభావమును విచారింతము. లేఖకుని తప్పు కంటివలననో చెవివలననో కలుగును. ధ, థలు, ప, షలు, మ, యలు రూపసామ్యముచే తారుమారగును. ఒకే పదము రెండు పంక్తులలో ఉన్న నడిమిభాగము ఎగిరిపోవును. కంపోజిటరుకు ఈ తప్పులు ఉండుటయే గాక వేరుజాతి తప్పులు మరికొన్ని కలవు. అక్షరములను విడదీసి వేయునపుడు ప్రక్క అరలో పడిన అక్షరము తరువాతి కూర్పులో పైకి వచ్చును; ఆ రెంటికిని రూపసామ్యముండ నక్కరలేదు, ధ్వనిసామ్యమును ఉండ నక్కరలేదు, అరల పొరుగుదనము చాలును. వత్తు జారును. గుడి విరుగును. దిద్దుబాటుకై పైకి తీసిన పంక్తి స్థానము తప్పి కూర్చుండును. లేఖకుని తప్పులకై ఏర్పడిన సూత్రములతో ఈ తప్పులను సవరింపబూనిన పరిష్కర్త, లేని పాఠాంతరమునకు లేని కారణమును కల్పించినవాడగును.

పద్యమునందు ఈ ప్రమాదమునకు అడ్డు కలదు. 'కల్ల' అను మాటలో వత్తు జారినచో 'కల' అగును. అబద్ధము స్వప్నముగా మారును. రెండును మంచి తెలుగు మాటలే. వాక్యము రెంటితోను అన్వయింపవచ్చును. కాని పద్యమున గురువు లఘువై గణము చెడును. తప్పు తనంతట తానే బయటపడును. హ్రస్వాక్షరము మీది సున్న నిండుదో అరదో ప్రతిలో తేలకున్నను గణమే చెప్పును, నిండుసున్న గురువును చేయును, అరసున్న చేయదు. ర, ఱలను ప్రాసమున కలుపరాదను నియమమును పాటించిన కవి పద్యములో ఱకారపు అర ఖాళీయై రేఫ పడినను, తక్కిన పాదములు దానిని పట్టి యిచ్చును. యతి, ప్రాస, గణములు పద్యమునకు అందమునకే కాదు, కావలికిని ఏర్పడినవి. గ్రాంథికగద్యమునకు ఇంత కావలి లేకున్నను వ్యాకరణము కొంత అండగా నిలుచును. వాడుకగద్యమునకు గణము లేదు. దాని రూపములను శాసించు వ్యాకరణము ఆనాటికి లేదు. అచట కూర్పరి చేతికి ఎదురు లేదు.

ఎలమంచిలి పేరు ఇందులకు తొలి సాక్షి. ఇది 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలోను, ఆపై అనకాపల్లి జిల్లాలోను చేరిన ప్రాచీనస్థలము. పూర్వచాళుక్య భీముని కాసింకోట తామ్రశాసనము ఎలమంచి కళింగదేశమును, దేవరాష్ట్రమును పేర్కొనుచున్నది. ఆనాటి లిపిలో ఎ, ఏలకు భేదము సామాన్యముగా చూపరు. కావున తొలియక్షరము హ్రస్వమో దీర్ఘమో లిపిమాత్రముచే తేలదు. శాసనమును అచ్చున కెక్కించునపుడు కూర్పరి రెండు అరలలో ఒకదానినుండి అక్షరము తీయక తప్పదు. రాతిమీదను రేకుమీదను సందిగ్ధముగా నున్నది అచ్చులో నిశ్చితమగును. నేటి వాడుకలో ఎలమంచిలి, యలమంచిలి అను రెండు రూపములును పత్రికలలోను, ప్రభుత్వపత్రములలోను కానవచ్చుచున్నవి. యెలమంచిలి యని వ్రాయువారును కలరు. ఆంగ్లమున రెండు లకారములతో వ్రాయు ఆచారమును కలదు. దానిని నమ్మి తిరిగి తెలుగున కూర్చినచో లకారమునకు వత్తు చేరి 'ఎల్ల' యగును. అర్థకల్పనకు కొత్త దారి ఏర్పడును. తెలుగు మాటలకు యకారము మొదట లేదని 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి నియమించెను. కాని నోట పలుకునపుడు పదాదియందలి ఎకారమునకు ముందు యకారచ్ఛాయ వినబడును. వ్యాకరణమును అనుసరించిన కూర్పరి 'ఎ' తీయును. చెవిని అనుసరించినవాడు 'యె' తీయును. ఇచట పద్యమును సాయపడదు, ఏలయన యకారము అచ్చులతో యతికి చెల్లును. ఎ, యెలలో ఏది యున్నను యతి భంగపడదు. అనగా పద్యమునకు గల కావలి కూడ కన్నుమూయు చోటు ఇదియే. స్థలనామపరిశోధకుడు తాను చూచిన రూపము ఏ ముద్రాలయపు అలవాటో విచారింపక నిరుక్తికి పూనుకొనరాదు.

రెండవ సాక్షి ఇంతకంటె గొప్పది. గురజాడ వెంకట అప్పారావు 1862లో ఎలమంచిలి సమీపమునందలి రాయవరమున జన్మించెను. అతని 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమైనది. పెక్కు మార్పులతో, ఇంచుమించు కొత్త నాటకమనదగినట్లుగా, 1909లో రెండవ కూర్పు వెలువడినది. రెండును రచయిత జీవించియుండగనే వచ్చినవి. అతడు 1915లో గతించెను. ఈ నాటకమునందు పాత్రలు మాటలచేతనే వ్యక్తులగుదురు. అగ్నిహోత్రావధానులు పలుకు తీరు వేరు, గిరీశము పలుకు తీరు వేరు, మధురవాణి ఎదుటివానిని బట్టి మాట మార్చు తీరు వేరు. ఈ భేదమునే మన విమర్శకులు కొనియాడుచున్నారు. ఆ భేదము మనకు చేరినది వర్ణక్రమము ద్వారముననే గదా.

ఆ వర్ణక్రమమునందు మూడు చిక్కులు కలవు. యేమిటి, వున్నాడు, వొక వంటి రూపములు ఒకటి. ఇవి ఎలమంచిలి పేరునందు చూచిన చిక్కే. ఏకార ఆకారములకు నడుమ పలుకు స్వరము రెండవది. 'చెప్పేడు, చెప్పాడు' అని రెండు విధముల వ్రాసినను ఆ స్వరమునకు సరియైన అక్షరము తెలుగున లేదు. కేసులో దానికి అర లేదు. రచయిత ఒకటి వ్రాసి కూర్పరి మరియొకటి కూర్చినను తప్పని తోపదు. మూడవది మాటల నడిమి ఎడము. తాళపత్రములలో పదములను విడదీసి వ్రాయుట లేదు. ఎడము ముద్రణముతో స్థిరపడిన ఆచారము. పంక్తి నింపుటకు కూర్పరి ఎడములను పెంచి తగ్గించునని చెప్పితిని. 'తనయునికి' అని కలిపి కూర్చినచో 'కుమారునికి' అని అర్థము. 'తన యునికి' అని విడదీసినచో 'తన స్థితి' యగును. పద్యములో అన్వయము తప్పినను గణవిభాగము కొంత దారి చూపును. సంభాషణలో ఆ దారియు లేదు.

రచయిత ప్రూఫులు దిద్దియుండును గదా, ఈ శంక ఎందులకు అని అడుగవచ్చును. రచయిత జీవితకాలమునందలి ముద్రణములకు ఆధిక్యము కలదనుటలో సందేహము లేదు. కాని ప్రూఫు దిద్దువాడు తప్పులను దిద్దును, అలవాట్లను దిద్దడు. 'యేమిటి'కి 'ఏమిటి' పడినచో అది అతని కంటికి తగులదు. కథకు, హాస్యమునకు, అర్థమునకు లోపము లేదు గదా యని చదివిపోవును. కావున ఒక రూపము అచ్చున నిలిచినంతమాత్రమున అది రచయిత సమ్మతమైనదనుట అతివ్యాప్తి. ఆ రూపమును ఆధారముగా గొని విశాఖసీమ పలుకుబడిని నిర్ణయించు భాషాపరిశోధకుడు, ఆ పలుకుబడి రచయితదో, కూర్పరిదో, లేక తరువాతి ప్రకాశకుని సంస్కారమో ముందు తేల్చుకొనవలయును. సంస్కారము అను మాటను ఊరక వాడలేదు. వాడుకరచనలను పునర్ముద్రించునపుడు 'వున్నాడు'ను 'ఉన్నాడు'గా, 'యేమిటి'ని 'ఏమిటి'గా చెప్పకయే మార్చుటను శుద్ధియని భావించువారు కలరు. సామాన్యపాఠకుని సౌకర్యమునకు మార్చినచో దోషము లేదు, పీఠికలో చెప్పవలయును. చెప్పక మార్చినచో ఆ ప్రతి పరిశోధనకు పనికిరాదు.

ఈ మార్గమున ఇతరదేశీయులు ఎంత దూరము పోయిరో తెలిసికొనుట మేలు. షేక్స్పియరు నాటకముల తొలి సంపుటము 1623లో అచ్చైనది. దానిలో కొన్ని సామాన్యపదముల వర్ణక్రమము పుటపుటకు మారుటను బట్టి, కూర్చినవారు ఒక్కరు కారని 1920లో థామస్ సాచెల్ సూచించెను. 1963లో చార్ల్‌టన్ హిన్మన్ విరిగిన, సొట్టపడిన అక్షరములు ఏయే పుటలలో మరల కనబడుచున్నవో వెదకి, ఆ సంపుటము ఎట్లు కూర్పబడినదో, ఏ వరుసలో ముద్రితమైనదో చాలవరకు నిర్ణయించెను. పేరు తెలియని కూర్పరులను ఎ, బి అను అక్షరములతో వేరుచేసి, ఎవని కూర్పు ఎంత నమ్మదగినదో తూచగలిగిరి. ఆ విద్య మన గ్రంథములకును వర్తించును. 1897, 1909 కన్యాశుల్కములలో యే-ఏ, వొ-ఒ, -ఏడు -ఆడు అను ద్వంద్వములను పుటక్రమమున లెక్కించి పట్టికలు వేయవచ్చును. ఒక రూపము పాత్రను బట్టి మారుచున్న అది రచయిత శిల్పము; పుటల గుంపును బట్టి మారుచున్న అది కూర్పరి చేయి. ఈ ఒక్క పరీక్షయే చాల వివాదములను తీర్చగలదు. బంగోరె 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' ప్రకటించుటచే తొలికూర్పు పాఠము అందరికిని అందినది. మనసు ఫౌండేషను 2012లో 'గురుజాడలు' అను సంపుటమున గురజాడ రచనలన్నింటిని ఒకచోట చేర్చినది. అయినను ఇట్టి లెక్కకు పునర్ముద్రణములు చాలవు. సొట్టపడిన అక్షరము మూలపు పుటయందే కానవచ్చును. తిరిగి కూర్చిన పుటలో కానరాదు.

సీసపు అక్షరములు పోయినవి, ఇక ఈ విచారణ చరిత్రకారునికే గాని మనకేల యనువారు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. కేసు పోయి కంప్యూటరు వచ్చినను అరల న్యాయము మారలేదు. యూనికోడు తొలి ప్రమాణము 1991లో వెలువడినపుడే తెలుగునకు స్థానము లభించినది. కాని బ్రౌను 1852 నాటి నిఘంటువులో వాడిన ౘ, ౙలకు స్థానము 2008లో గాని రాలేదు. నకారపొల్లునకు 2021లో వచ్చినది. వలపలగిలకకు నేటికిని వేరు స్థానము లేదు. ఈ నడిమికాలమున పాత గ్రంథములను యంత్రమున కెక్కించినవారు లేని గుర్తునకు బదులు ఉన్నదానిని వేసిరి, లేదా విడిచిరి. 'ధమ౯ము'లోని గుర్తును అంకెగా గ్రహించిన ప్రతియు, గుర్తును వదలి 'ధమము' అని నిలిపిన ప్రతియు ఏర్పడుటకు వీలున్నది. పూర్వపు కంప్యూటరు అక్షరరూపములలో కూర్చిన గ్రంథమును యూనికోడునకు మార్చునపుడు వత్తులు జారుట కలదు. సీసపు వత్తు ముద్రాయంత్రముక్రింద జారినది. ఈ వత్తు మార్పిడిలో జారినది. ఫలమొక్కటే, 'కల్ల' కలయైనది. భేద మొక్కటి కలదు. సీసపు కూర్పులో తప్పు ఒక ముద్రణముతో ఆగెడిది. నేడు ఒక తప్పుప్రతి వేయిచోట్లకు ప్రాకును, వేయిచోట్ల కనబడుటచే పాఠమను గౌరవమును పొందును.

కావున పరిశోధకవిద్యార్థి పాటింపదగిన నియమములు నాలుగు కలవు. ఏ ముద్రణమును ఆధారముగా గొన్నను దాని కూర్పు అలవాట్లను, అనగా సున్నలు, రేఫలు, పొల్లులు, పదాది య-వలు, ఎడములు అనువానిని ముందుగా పట్టిక వేసికొనవలయును. తప్పును సవరించుటకు ముందు అది లేఖకునిదో, కూర్పరిదో, యంత్రపు మార్పిడిదో జాతి నిర్ణయింపవలయును. గద్యమునందు, విశేషించి సంభాషణమునందు, అర్థము కుదిరినంతమాత్రమున పాఠము కుదిరినదని తలపరాదు. యంత్రమున కెక్కించిన పాఠము ప్రక్కన మూలపుటల ప్రతిబింబము తప్పక ఉండవలయును. అది లేని పాఠమును ఉదాహరింపరాదు. ఈ వ్యాసమును అరసున్నలు లేకయు, ప్రస్తావవశమున తప్ప శకటరేఫలు లేకయు వ్రాసితిని. అది నా నిర్ణయమే గాని ముద్రాలయముది కాదని ఇచటనే తెలుపుట పై నియమమునకు అనుగుణము.

అచ్చుప్రతి మూలము కాదు. మరియొక ప్రతి మాత్రమే. దానికి లేఖకుడు కంపోజిటరు. తాళపత్రలేఖకుడు గ్రంథాంతమున తన పేరును, తిథివారములను వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనెడివాడు. కంపోజిటరు పేరు ఏ పుటయందును ఉండదు; తన తప్పులకు మన్నింపు కోరు అవకాశమును అతనికి లేకపోయినది. అతని చేతిని గుర్తించుట అతనిని నిందించుటకు కాదు. అతనిదానిని అతనికి వదలిననాడే గురజాడ మాటగా మిగులునది ఎంతయో మనకు తెలియును.